మేడ మీది గొంతు

ఆ ఏడు మా చెల్లెలికి పదో తరగతిలో మార్కులు బాగానే వచ్చాయి. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే మా బజారు వాళ్లలాగే మీరూ మొదట అదే అడుగుతారు, మిగతాది వినరు. నాకు చెప్పాలని ఉన్నది మిగతాదే.

వరంగల్‌లో మాది బట్టల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు, మధ్యలో ఇనుప మెట్లు. నేను పొద్దున సుబేదారి వైపు డిగ్రీ కాలేజీకి వెళ్లి, మధ్యాహ్నం నుంచి దుకాణంలో నాన్నకు సాయం చేసేదాన్ని. చెల్లెలు పైన గదిలో పరీక్షలకు చదువుకునేది. దానికి చదువంటే ఏనాడూ భయం లేదు. బోర్లా పడుకుని, నోరు మూసుకుని చదివేది. తర్వాత పుస్తకం మూసి, గుర్తున్నదంతా చిత్తుకాగితం మీద రాసుకునేది. రాయలేకపోయిన చోటు మాత్రం మళ్లీ చదివేది. అదీ అయ్యాక నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పేది, నేనేదో దాని శిష్యురాలినైనట్టు. కటకాల గురించి, గుండె గదుల గురించి నాకు ఇవాళ్టికీ గుర్తున్నదంతా అది చెప్పిందే. అంతకంటే మంచి పద్ధతి నాకు ఏ టీచరూ నేర్పలేదు.

అయితే ఆ పద్ధతిలో చప్పుడు లేదు. అదే కొంప ముంచింది.

ప్రీ ఫైనల్‌లో ఫిజిక్స్ మార్కులు కాస్త తగ్గాయి. ఆ వారంలోనే ఎదురు దుకాణం ఆయన మా నాన్న దగ్గర చాయ్ తాగుతూ, "మా పోరి సదువుతాంటే ఈడిదాక వినవడుతది అన్నా. మీ బిడ్డ సప్పుడే లేదు. నిద్ర పోతాందో ఏమో, జర చూస్కో" అన్నాడు. ఆయన మాటలో విషమేమీ లేదు. అందుకే నాన్నకు బాగా ఎక్కింది. ఆ సాయంత్రమే మెట్ల దగ్గర నిలబడి, "బిడ్డా, ఇగ నోరు తెరిచి సదువు. నాకు దుకాణంల వినవడాలె" అన్నాడు.

బట్ట మంచిదో కాదో నాన్న వేళ్ల మధ్య నలిపి చెప్పేస్తాడు. చదువును ఎలా నలిపి చూడాలో ఆయనకు తెలియలేదు. చెవికి వదిలేశాడు. పైన గొంతు వినపడుతున్నంతసేపు ఆయన మొహం నిమ్మళంగా ఉండేది. అది ఆగిందా, బట్టలు కొలిచే ఇనుప గజంతో మెట్ల కమ్మీ మీద కొట్టేవాడు. ఠంగ్, ఠంగ్. వెంటనే గొంతు మొదలయ్యేది. కోపంతో కొట్టేవాడు కాదు. బేరానికి వచ్చినవాళ్లు నవ్వి, "సేటు బిడ్డ మస్తు సదువుతాంది" అని మెచ్చుకునేవాళ్లు. నేను మాత్రం ఆ చప్పుడు విన్నప్పుడల్లా చేతిలో బట్ట వదిలేసి మెట్ల వైపు చూసేదాన్ని.

దాన్ని ఎవరూ డిస్టర్బ్ చేయొద్దని ఇంట్లో ఇంకో రూలు పెట్టారు. టీవీ కనెక్షన్ తీసేశారు. అమ్మ పళ్లెం గదిలో పెట్టి, మాట్లాడకుండా వచ్చేసేది. స్కూలు వాళ్లు పంపే పాఠాల కోసమని నా పాత ఫోన్ ఒక్కటి దాని దగ్గర ఉండనిచ్చారు.

కొన్నాళ్లకు ఆ గొంతు మారింది. ప్రశ్న ఎక్కడ ముగిసిందో, జవాబు ఎక్కడ మొదలైందో తెలియకుండా ఒకే దమ్ములో సాగేది. చదవడం లేదు, ఆగకుండా ఉంటోంది అంతే. ఒకరోజు నేను గదిలోకి వెళ్లి, "నీళ్లల్ల పెట్టిన కట్టె వంకరగ ఎందుకు కనవడుతదే?" అని అడిగాను. కిందటి నెలలో అది నాకు బకెట్ ముందు కూర్చోబెట్టి మరీ చెప్పిన సంగతి. నా వైపు చూసింది. కళ్లు నా మీదే ఉన్నాయి, కానీ నన్ను చూడడం లేదు. పాఠం మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టింది. ఆగమన్నాను. మెట్ల వైపు ఒకసారి చూసి, ఇంకా గట్టిగా అందుకుంది. అప్పుడు భయమేసింది నాకు. పరీక్ష పోతుందని కాదు, పిల్ల చేజారిపోతోందని.

నాన్నకు చెప్పాను. "దానికి ఏం ఎక్కుతలేదు నాన్నా. ఎప్పటి లెక్కనే సదువుకోనియ్యి."

"పరీక్షలు అయ్యేదాక ఓపిక పట్టు బిడ్డా. నీకు గింత పట్టుదల ఉంటే ఈడ బట్టలు మడత పెడుతుంటివా?" అన్నాడు. ఒళ్లు మండింది. అమ్మకు చెబితే మిరియాల పాలు కాచింది. మా ఇంట్లో ఏ కష్టానికైనా మిరియాల పాలే మందు.

అప్పటికే దాని గొంతు బొంగురుపోయింది. పరీక్షలు దగ్గరపడ్డాయి, ఎండలు ముదిరాయి, దుకాణంలో పెళ్లి బేరాలు మొదలయ్యాయి. ఆ హడావిడిలో ఒకరోజు గొంతు మళ్లీ బాగైపోయింది. గంటల తరబడి స్పష్టంగా సాగేది. "చూసినవా, మిరియాల పాలు" అంది అమ్మ. నాన్న గజం పట్టుకుని మెట్ల దాకా వెళ్లాల్సిన పనే పడలేదు.

ఒకరోజు మధ్యాహ్నం మరిపెడ నుంచి ఒక కుటుంబం పెళ్లి బట్టలకు వచ్చింది. నాన్న వాళ్ల ముందు గుడ్డ కొలుస్తున్నాడు. పైన గొంతు సాగుతూ సాగుతూ ఒకచోట ఆగింది. ఆగగానే ఠంగ్, ఠంగ్ అని వినపడింది. గొంతు మళ్లీ అందుకుంది.

నేను నాన్న చేతుల వైపు చూశాను. గజం ఆయన చేతిలోనే, గుడ్డ మీదే ఉంది. నాన్న కూడా తల ఎత్తాడు. "ఎవరు కొట్టిండ్రు?" అన్నాడు మెల్లగా. కింద ఎవరూ కొట్టలేదు. ఆ చప్పుడు పైనుంచి వచ్చింది.

మెట్లెక్కి పరుగెత్తాను. గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోస్తే లోపల ఎవరూ లేరు. పుస్తకాల దొంతర మీద, మెట్ల వైపు తిప్పి పెట్టిన నా పాత ఫోన్. అందులోంచి చెల్లెలు చదువుతోంది. గొంతు బాగున్న రోజుల్లో ఎప్పుడో రికార్డు చేసి పెట్టుకుంది, నాన్న కొట్టిన చప్పుడుతో సహా. వంటింట్లోకి వెళ్లి, "చెల్లె ఏదమ్మా?" అన్నాను. "సదువుతాంది కదనే" అంది అమ్మ, తల తిప్పకుండా.

ప్రతి ఏడూ పరీక్షల రోజుల్లో పిల్లల గురించి పేపర్లో వచ్చే వార్తలు మా ఇంట్లో ఎవరూ పైకి చదవరు. అవన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి. డాబా తలుపు గొళ్లెం తీసి ఉంది.

ఎండకు కళ్లు చెదిరాయి. ముందు పిట్టగోడ వైపు చూశాను. తర్వాత వంగి కింద బజారులోకి చూశాను. అప్పుడు కనపడింది, నీళ్ల ట్యాంకు నీడలో. గోడకు ఆనుకుని, నోరు మూసుకుని, మునుపటిలా చదువుకుంటోంది. చిత్తుకాగితాలు గాలికి ఎగరకుండా చెప్పు కింద పెట్టుకుంది. వెళ్లి దాని పక్కనే కూలబడ్డాను. కొట్టాలనీ అనిపించింది, వాటేసుకోవాలనీ అనిపించింది. "పానం పోయినంత పనైందే. నాకన్న చెప్పొద్దా?" అన్నాను.

నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. గొంతు పట్టుకుని, తల అడ్డంగా ఊపింది. దానికి మాట పూర్తిగా పోయింది. ఎప్పుడు పోయిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. దాని బదులు ఫోన్ మాట్లాడుతుంటే అందరం కింద కూర్చుని విన్నాం.

వెనక అడుగుల చప్పుడైంది. నాన్న. కొలతలోంచి అలాగే లేచి వచ్చినట్టున్నాడు, గజం చేతిలోనే ఉంది. ఆయన్ని చూడగానే చెల్లెలి మొహం పాలిపోయింది. కాగితాలు వెనక్కి తోసేసి, పుస్తకం ముందుకు లాక్కుని, పెదాలు కదపడం మొదలుపెట్టింది. తల ఊపుతూ, వేగంగా, చప్పుడు లేకుండా.

నాన్న గజం కింద పెట్టి, కాలే గచ్చు మీద దాని ముందు కూర్చున్నాడు. "వద్దు బిడ్డా. ఇగ సాలు, ఆపు తల్లీ" అన్నాడు. పుస్తకం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

అక్షరాలు కనపడకపోయినా అది ఆపలేదు. ఆయన మొహంలోకి చూస్తూనే జవాబు పూర్తి చేసింది, గుటక మింగింది, తర్వాతి ప్రశ్న మొదలుపెట్టింది.