మైల పట్టిన మామిడి

మా చెట్టు మామిడిపండు తిన్నవాడికి బొగ్గుబాయిలో లైటు అక్కర్లేదని శ్రీరాంపూర్ కార్మికులను నమ్మించి, గంపలు ఖాళీ చేసుకొచ్చినవాణ్ణి నేను. అందుకే ఇప్పుడు చెప్పేది మా ఊరు లక్సెట్టిపేటలో ఎవరూ నమ్మరు. నమ్మకపోయినా నాకు ఫికర్ లేదు.

వాన వెలిసిన పొద్దున బాపు, మా నాన్న, కాయలు తెంపి, తడి పూర్తిగా ఆరకముందే వెనక గదిలో వరిగడ్డి పరిచి మాగేశాడు. ఆ సాయంత్రమే గుండె ఆగి పోయాడు. ఇల్లు మైల పడింది. మైల చేయి తగిలితే మాగే కాయ పాడవుతుందని నన్ను కన్న అవ్వ ఆ గదికి గొళ్ళెం పెట్టింది. నిజానికి రోజూ గడ్డి తీసి, మచ్చ పడ్డదాన్ని ఏరి పారేయాలి. లేకపోతే ఒకదాని బూజు పక్కదానికి పాకుతుంది. అది ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎవరూ లేవలేదు. తలుపు సందులోంచి తీయటి వాసన వస్తుంటే, మాగుతున్నాయి కాబోలు అనుకుంటూ నేనూ కూర్చున్నాను.

అవ్వకు ఒకటే కోరిక. మైల తీరే దినాల రోజు పిట్టకు పెట్టే విస్తరిలో బాపు తన చేత్తో మాగేసిన పండు ఒక్కటైనా ఉండాలి. కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కొరత మిగిలిందని మా దగ్గర నమ్మకం.

దినాల రోజు పొద్దున గొళ్ళెం తీశాను. గడ్డి వెచ్చగా ఉంది. తొడిమ దగ్గర మొదలైన నలుపు పండ్లన్నిటినీ మింగేసింది. ముట్టుకుంటే వేలు దిగబడింది. బజారు నుంచి మంచిది తెస్తాను, ఎవరికి తెలుస్తుంది అన్నాను.

"ఊరోళ్లకు జెప్పినట్టు మీ బాపుకు గూడ కతలు జెప్తవార?" అంది అవ్వ.

ఉన్నవాటిలో కాస్త నయమైనదాన్ని గోదారి ఒడ్డుకు తీసుకుపోయి అక్కడే కోశాను. నలుపంతా చెక్కి పక్కన పారేస్తే, అరచేతిలో సగం ముక్క మిగిలింది. దాన్ని విస్తరిలో అన్నం మీద పెట్టాను.

కాకి వచ్చింది. ముక్కను చూసింది. పక్కకు నడిచి, నేను పారేసిన నల్లటి చెక్కును ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. పిట్ట ముట్టలేదని మేనమామ తల పట్టుకున్నాడు.

"ముట్టింది తమ్మి," అంది అవ్వ. "ఆయన ఏనాడన్న మంచిది తిన్నడా? మురిగింది తను దిని, మంచిది మనకిడిచేటోడు."

అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి గది ఊడ్చి, గడ్డిని పెంటకుప్ప మీద పోశాను. ఎవరైనా అడిగితే, కాకి విస్తరిలో పండే ముట్టిందని చెబుతున్నాను. అది మాత్రం నమ్ముతున్నారు.