మావగారి చెవిలో మేనేజరు

మావగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కోడలి ఆఫీసు ఫోను మోగితే చాలు, ఆయన చెయ్యి వెళ్ళి హెడ్‌ఫోన్స్ స్విచ్చి మీద పడుతుంది. ఎప్పుడో ఒకసారి ఆమె ఫోనుకి కలుపుకుని పాటలు విన్నారు. అప్పటినుంచి ఆ వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ ఆన్ అయితే, కోడలి ఫోన్లో మాటలన్నీ ఆయన చెవుల్లోకి వెళ్ళిపోతాయి.

ఇంట్లోనే కూర్చుని ఆఫీసు లెక్కలు చూసే కోడలికి ప్రాణం విసిగిపోయింది. మేనేజరు "ఏమ్మా, నిన్న పంపిన లెక్కలు" అనేసరికి ఫోను మూగబోతుంది. ఆమె హలో హలో అంటూ హాల్లోకి పరిగెత్తితే, మావగారు కళ్ళు మూసుకుని "ఊఁ, ఊఁ" అంటూ ఉంటారు. మేనేజరుకి మాట్లాడటమే తప్ప వినే అలవాటు లేదు కనుక ఎవరు ఊఁ కొట్టినా ఒకటే.

"మళ్ళీ ఆన్ చేశారా మావయ్యగారూ?"

"చెయ్యి తగిలింది తల్లీ. ఏం లేదు, రెండో పేజీ సరిచూడమన్నాడు. పెట్టేశాడు."

ఆమె ఫోను ఆపి, మళ్ళీ ఆన్ చేసి చూసింది. ఫోన్లోంచి హెడ్‌ఫోన్స్ పేరే తీసేసింది. ఫోను ఛార్జింగులో ఉండగా మావగారు మళ్ళీ కలిపేసుకున్నారు. హెడ్‌ఫోన్స్‌ని దుకాణానికి పట్టుకెళితే "దీనికేం రోగం లేదండీ" అన్నారు. రోగం ఎవరికో తెలిసిన కోడలు ఉసూరుమంటూ తిరిగొచ్చింది. ఒక్కటే ఊరట, ఉద్యోగం మానేద్దామన్నంతగా ఏడిపించిన మేనేజరు ఈమధ్య మెత్తబడ్డాడు.

ఒకరోజు ఒళ్ళు మండి బ్లూటూత్ పూర్తిగా ఆపేసి కూర్చుంది. మేనేజరు మాటలన్నీ ఈసారి ఆమె చెవిలోనే పడ్డాయి. బుర్ర ఉందా అన్నాడు. చదువుకున్నావా, కొనుక్కున్నావా అన్నాడు. పక్కనున్న టీ చల్లారిపోయేదాకా తిట్టి, చివర్లో మొత్తం ఒకసారి కూడి పంపమన్నాడు. ఇన్నాళ్ళూ మావగారు తనకి చెబుతున్నది ఆ చివరి ముక్క ఒక్కటేనని కోడలికి అప్పుడు అర్థమైంది.

హాల్లో ఆయన బటన్ నొక్కి నొక్కి అలసిపోయారు. "ఇవాళ కలవడం లేదేంటి తల్లీ?"

"ఆ తిట్లన్నీ మీరెందుకు పడాలి మావయ్యగారూ?"

ఆయన తల గోక్కున్నారు. "మొన్నామధ్య కుళాయి తిప్పుకుని వంటింట్లో ఏడ్చావు. నీళ్ళ చప్పుడులో వినపడదనుకున్నావు."

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బ్లూటూత్ ఆన్ చేసి, హెడ్‌ఫోన్స్ తానే కలిపి ఆయన చేతిలో పెట్టింది.

"మీకు మాత్రం కష్టంగా ఉండదా?"

"నాకేం కష్టం? జన్మంతా బస్సులో చిల్లర లేదని చెప్పిన కండక్టర్ని. ఇతనికి తిట్టడం ఇంకా సరిగ్గా రాలేదమ్మా, పాపం."