ఫ్రీ గదిని సంపాదించిన బొటనవేలు

2005లో నేను బర్ దుబాయ్‌లో, బట్టల కొట్ల మీద మొదటి అంతస్తులో ఉన్న ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా పని చేసేదాన్ని. మెడలు పట్టేసిన దర్జీలు, నడుము నొప్పుల టాక్సీ డ్రైవర్లు, సైట్లలో బరువులెత్తి భుజాలు చెడగొట్టుకున్న కరీంనగర్ వైపు కూలీలు నా దగ్గరికి వచ్చేవారు. ఆ యేడు వేసవి చివర్లో విమల గారు వచ్చారు. యాభై దాటిన మనిషి, కాకినాడ వాళ్ళు. ఒక కార్గో ఆఫీసులో కంప్యూటర్ మీద బిల్లులు కొట్టే ఉద్యోగం.

కుడి బొటనవేలి మొదట్లో నొప్పి. కుక్కర్ మూత తియ్యలేకపోతున్నానన్నారు. బొటనవేలిని పిడికిట్లో మడిచి మణికట్టుని కిందికి వంచమన్నాను. వంచగానే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దీన్ని మేం డీ కెర్వాన్ అంటాం. బొటనవేలిని కదిలించే టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాళ్ళు, మణికట్టు దగ్గర ఇరుకైన దారిలో ఒరుసుకుని వాచిపోతాయి. వాపు తగ్గడానికి అల్ట్రాసౌండ్ చికిత్స ఇచ్చాను. వేలు కదలకుండా స్ప్లింట్ అనే పట్టీ వేశాను. టైపింగ్ వల్ల వచ్చిందన్నాను, ఆవిడ కాదనలేదు. కొన్ని వారాలకి వాపు తగ్గింది. అప్పుడే సెలవు పెట్టి భర్తతో ఖాట్మండు వెళ్తున్నానని చెబితే, చేతికి కాస్త విశ్రాంతి దొరుకుతుందని సంతోషించాను.

తిరిగి వచ్చేసరికి చెయ్యి మొదటికన్నా అధ్వాన్నంగా ఉంది.

"సెలవులో ఏం చేశారండీ?"

"ఏం చెయ్యలేదమ్మా. కూర్చునే ఉన్నాను."

పక్కనే ఉన్న ఆవిడ భర్త రామారావు గారు అందుకున్నారు. ఆయన షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఓ ఫ్యాక్టరీకి స్టోర్‌కీపర్. "ఫైవ్ స్టార్ హోటలండీ డాక్టరు గారూ. గది ఫ్రీ, భోజనం ఫ్రీ. ఈవిడ పుణ్యమా అని మహారాజులా పడుకున్నాను." ఇంతలో ఫోన్ మోగితే ఆయన బయటికి వెళ్ళారు.

విమల గారు ఎడమచేత్తో బల్ల మీద నొక్కి చూపించారు. "ఆ హోటల్లో కాసినో ఉందమ్మా, ఇదివరకూ వెళ్ళాం. వీడియో పోకర్ అని ఒక మెషీన్. ఐదు ముక్కలు వేస్తుంది. ఉంచుకోవాల్సినవి నొక్కి, మిగతావి మార్చమనాలి. ఏది ఉంచాలో తెలిస్తే పెద్దగా రాదు, పెద్దగా పోదు. కాసినో వాళ్ళు మన పేరున ఇచ్చిన కార్డు అందులో పెట్టి ఆడితే మాత్రం గెలిచినా ఓడినా పాయింట్లు పడతాయి. ఆ పాయింట్లకే గదీ, భోజనమూ ఇస్తారు. కాంప్స్ అంటారు."

"రోజూ ఎంతసేపు ఆడతారు?"

"టిఫిన్ దగ్గర్నుంచి రాత్రి భోజనం దాకా. ఎంతసేపు ఆడితే అన్ని పాయింట్లు కదా."

"మరి ఊరు చూడలేదా?"

"ఎయిర్‌పోర్టు దారిలో చూశాను."

అంత కష్టం ఎందుకని అడిగాను. "మా ఫ్లాట్‌లో మా మరుదులిద్దరు కూడా ఉంటారు. ఆఫీసు నుంచి వచ్చి నలుగురికి వండుతాను. అక్కడ ఆడేవాళ్ళని చూసుకోడానికి హోస్ట్ అని ఒకాయన ఉంటాడు. విమలా మేడమ్, టీ తీసుకోండి అంటాడు. నేను అడక్కుండా నాకు టీ ఇచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరమ్మా."

నేను ఆవిడ స్ప్లింట్ పట్టీ సరిచేశాను.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆఫీసులో ముదీర్, అంటే మేనేజరు, బిల్లులు ఆలస్యమవుతున్నాయని గమనించాడు. ఇలాగే ఉంటే ఖలాస్, వీసా క్యాన్సిల్ అన్నాడట. అటు చూస్తే డిసెంబరులో వాళ్ళ పెళ్ళిరోజుకి మళ్ళీ అదే హోటల్‌కి ప్రయాణం. ఈసారీ ఇలాగే ఆడితే సూట్, అంటే హాలుతో సహా పెద్ద గది, ఇస్తానని హోస్ట్ మాటిచ్చాడు. రామారావు గారు ఆ సంగతి బంధువులందరికీ చెప్పేశారు. మళ్ళీ ఆడితే సర్జరీ దాకా పోవచ్చని నేను దాచకుండా చెప్పాను.

"ఆయనకి మీరే చెప్పండమ్మా. నేను చెబితే అలిగాననుకుంటారు."

తర్వాతిసారి ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. రామారావు గారు భార్య చేతిని చాలాసేపు చూశారు. "సరదాపడి ఆడుకుంటోందనుకున్నానండీ. గది వాళ్ళిస్తున్నారు కదా అనుకున్నాను."

"ఆ గది ఈ చెయ్యి సంపాదించిందండీ" అన్నాను.

"అయితే ఈసారి నేనాడతాను."

విమల గారు నవ్వారు. నేనావిడ నవ్వు వినడం అదే మొదలు. "మీరాడితే గది మాట దేవుడెరుగు, తిరుగు టికెట్లు కూడా పోతాయి."

చివరికి, అప్పటికే కార్డులో ఉన్న పాయింట్లతో మామూలు గది తీసుకుని, మెషీన్ ముట్టకుండా ఉండి రావాలని నిర్ణయించుకున్నారు.

కొత్త సంవత్సరం వచ్చాక ఆవిడ కనబడి ఆ కబుర్లు చెప్పారు. "మొదటి రోజు హోస్ట్ నవ్వుతూ ఎదురొచ్చాడమ్మా. మర్నాడు, మెషీన్ నచ్చలేదా మేడమ్ అని అడిగాడు. ఆ తర్వాత మా వైపు చూడలేదు."

"బాధేసిందా?"

"వేసింది. ఆ మర్యాద కూడా పాయింట్లకేనని నాకు ముందే తెలుసు. అయినా వేసింది."

మధ్యాహ్నం పడుకుంటే పొద్దుగూకే దాకా మెలకువ రాలేదట. లేచాక భర్త ఊళ్ళోకి తీసుకెళ్ళారట. చలికి శాలువా కప్పుకుని, ఏదో గుడి మెట్ల మీద ఇద్దరూ వేరుశనక్కాయలు ఒలుచుకు తిన్నారట. "ఆయన ఒలిచి పెడితే నేను తిన్నాను" అన్నారు, చెయ్యి చూపిస్తూ.

సర్జరీ అవసరం రాలేదు. వేసవి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది, ఉద్యోగం నిలబడింది. ఇంట్లో మరుదులు వంతులేసుకుని వండడం మొదలుపెట్టారు. ఆ కూరలు నోట పెట్టలేకపోతున్నామని విమల గారే చెప్పేవారు. హోటల్ నుంచి ఆహ్వానాలు కొన్నాళ్ళు వచ్చి ఆగిపోయాయి. ఎప్పుడైనా ఆ మెషీన్ చప్పుడు గుర్తొస్తుందని కూడా ఆవిడ దాచలేదు.

చేతికి విశ్రాంతి ఇవ్వండి అని చెప్పడం మా వృత్తిలో అన్నిటికన్నా తేలిక. ఆ మాటని పాటించే చోటు మనిషికి ఉందో లేదో కనుక్కోవాలని నాకు విమల గారి వల్ల తెలిసింది. ఇప్పుడు ఎవరికి ఆ సలహా చెప్పినా, ఎక్కడ తీసుకుంటారు, ఆ సమయంలో మీ పని ఎవరు చేస్తారు అని కూడా అడుగుతాను. చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్ళు, వెంటనే జవాబు చెప్పలేరు. అలాంటప్పుడు నేను తొందరపెట్టను. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటాను.