నూట ఇరవై దినాల కారు

నా భార్య తండ్రి, మా మామ, వేలూరులో టాక్సీగా నడిపిన అంబాసిడర్ కారు, ఆయన పోయాక గుడియాత్తంలో మా ఇంటి పక్క రేకుల షెడ్డులోకి వచ్చింది. పదకొండేళ్ళు అక్కడే నిలబడింది. దాన్ని మళ్ళీ నడిపించాలని నా భార్యకు కోరికగా ఉండేది. నేను కాదనలేదు. ముందు ఎన్ని దినాలు పడుతుందో తేలాలి అన్నాను.

"నీ లెక్క తేలేటప్పటికి తుప్పు అంతా తినేసుంటాది," అనేది ఆమె, మగ్గానికి నూలు కండెలు చుడుతూ.

ఆమె పోయి రెండేళ్ళయింది. ఆ లెక్కకు నేను కూర్చున్నది ఈ ఏడు, సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో.

లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. ఐదో తరగతితో బడి ఆగిపోయింది. ఇరవై ఏళ్ళు లుంగీలు నేసి, తర్వాత నూలు కొట్టులో చేరాను. ఇన్ని లుంగీలకు ఎంత నూలు పడుతుంది, మగ్గం మీద ఎక్కించిన పడుగు నేసి దించడానికి ఎన్ని దినాలు పడుతుంది అని నేతగాళ్ళు ఇప్పటికీ నన్నే అడుగుతారు. నేను చెప్పినదానికీ జరిగినదానికీ ఒక పూటకు మించి తేడా ఎప్పుడూ రాలేదు.

కారుకు గడువు మాత్రం నేను పెట్టింది కాదు. వేలూరులో నేను అడిగిన ఇద్దరు మెకానిక్కులు ఈ ఇంజిను తీసి పారేసి వేరేది పెట్టుకోమన్నారు. దాన్ని బాగు చేయగలనన్నది పళ్ళికొండలోని ముసలి మేస్త్రీ ఒక్కడే. మామ ఉన్నన్నాళ్ళూ దాన్ని చూసింది ఆయనే. ఆయనేమో హోసూరులో కూతురింటికి మారిపోతున్నాడు. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఎవరూ ఇల్లు మారరు కనుక, దాని ముందు నెల ఆని ముగిసేలోపలే బయలుదేరాలి.

"బాడీ పనంతా ముగించి పెట్టప్పా. ఆనిలో కడాసి పది దినాలు నీ ఇంట్లోనే పండుకొని ఇంజిను లేపిస్తా. ఆడి పుట్టినాక పిలిస్తే రాలేను," అన్నాడు.

లుంగీల అట్టపెట్టె మూత ఒకటి తీసుకొని, మేస్త్రీకి చదవడానికి వీలుగా అరవంలో రాశాను. భాగాలు విప్పడానికి పన్నెండు దినాలు. తుప్పు గీకడానికి ఇరవై నాలుగు. రేకు అతుకులకు ఇరవై. రంగుకు పద్దెనిమిది. వైర్లకు పది. తలుపులు, అద్దాలు, సీట్లు తిరిగి బిగించడానికి పదహారు. ఇంజినుకు మేస్త్రీవి పది. వానకూ కరెంటు కోతకూ పది. మొత్తం నూట ఇరవై.

తై నుంచి ఆని దాకా ఆరు నెలలు, నూట ఎనభై దినాలు. అమావాస్య నాడు మా ఇళ్ళలో మగ్గం ముట్టరు, పనిముట్టూ ముట్టరు. కాబట్టి ఆరు అమావాస్యలు తీసేశాను. వారానికి రెండు దినాలు నూలు కొట్టులో పొద్దుగూకేదాకా ఉండాలి, అవి యాభై రెండు. నూట ఇరవై రెండు మిగిలాయి. రెండు దినాలు ఎక్కువే ఉన్నాయని ఆ రోజు తృప్తిగా అన్నం తిన్నాను.

భాగాలు విప్పడానికి ఇరవై ఐదు దినాలు పట్టింది. తుప్పు గీకేసరికి ఇంకో నలభై ఏడు. నాలుగో నెల చిత్తిరై మూడో వారంలో అట్ట ముందు కూర్చొని మొదటి నుంచీ మూడుసార్లు కూడాను. కూడికలో తప్పు లేదు. ముప్పై ఆరు అనుకున్న పనికి డెబ్బై రెండు పట్టింది. నన్ను కలవరపెట్టింది ఆలస్యం కాదు. నా చేతకానితనమే కారణమైతే తేడా ఒక్కోచోట ఒక్కోలా ఉండాలి. ఇక్కడ రెండు పనులూ రెట్టింపుకు ఒక్క దినం తేడాలో ఉన్నాయి, కలిపితే సరిగ్గా రెట్టింపు.

మరునాడు వేలూరుకు పోయి కిటికీల రబ్బరు కొని, తిరుగు బస్సులో వస్తూ పళ్ళికొండలో దిగాను. మేస్త్రీ హైవే పక్క టీ కొట్టు బల్ల మీద కూర్చొని ఉన్నాడు. అట్ట ఆయన చేతికిచ్చాను.

"ఏమప్పా, కల్యాణ పత్రికా?"

"దినాల పట్టీ అన్నా. ముప్పై ఆరు దినాల పనికి డెబ్బై రెండు పట్టింది. యాడ తప్పినానో తెలీలేదు."

ఆయన అట్టను చెయ్యి చాచినంత దూరంలో పెట్టుకొని పైనుంచి కిందికి చదివాడు.

"నట్టు విప్పేటప్పుడు పైన స్పానర్ నువ్వు తిప్పితివి, సరి. కింద బోల్టు తిరక్కుండా పట్టుకునింది ఎవురు?"

"నేనే. కింద ఒక స్పానర్ తాడేసి కట్టి పైకొస్తా. అది జారిపోతే మళ్ళా కిందికి పోతా."

"తలుపు ఊడదీసినప్పుడు?"

"ఇటుకలు పేర్చి ఆనించినా."

మేస్త్రీ నవ్వాడు. "ఊరికంతా లెక్క చెప్పే దొరవి గదా, ఒక పడుగుకి ఎన్ని దినాలు చెప్తావు?"

"ఎనిమిది."

"ఆ ఎనిమిది దినాలూ కండెలు చుట్టేది ఎవురు?"

నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"మా అమ్మ నలభై ఏండ్లు చుట్టింది. మా నాయన దినాల లెక్కలో ఆమె యాడా లేదు. నువ్వూ లుంగీకి చెప్పినట్టే కారుకి చెప్పినావు, పో."

మా ఇళ్ళలో దినం అంటే ఇద్దరి చేతుల పని. ఒకరు నేస్తారు, ఒకరు కండెలు చుట్టి అందిస్తారు. ఇన్నేళ్ళుగా నేను ఎనిమిది దినాలు అన్న ప్రతిసారీ అందులో ఆమె ఉండేది. అమావాస్యలు తీసేయడం గుర్తుంది, ఆమెను తీసేయడం గుర్తు రాలేదు.

టీ చల్లారిపోయింది. మేస్త్రీ తన గ్లాసు ఖాళీ చేసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇంక ఎన్ని దినాలుండాయి?"

"యాభై. నీ పదీ పోతే నలభై. బాడీ ముగియదన్నా."

"ముగియకపోతే పోనీ. రంగేసేదానికి ఎవురైనా దొరుకుతారు. ఇంజినుకి నేనొకడినే ఉండాను. తలుపుల్లేకపోయినా ఇంజిను తిరుగుతాది. ఏది కావాలో నువ్వే చెప్పు నాయనా."

బాడీ పూర్తయ్యాకే ఇంజిను అని ఇద్దరం అనుకున్న వరుస అది. తలుపులన్నీ బిగించి, రంగు ఆరిన కారులో తాళం తిప్పాలని అనుకున్నాను. ఆ వరుస వదులుకొని, అట్ట తీసి చంకన పెట్టుకున్నాను.

"ఇంజిను," అన్నాను.

ఆ నలభై దినాల్లో రేకు అతుకుల పని మాత్రమే అయింది. ఆని చివర మేస్త్రీ ఒక గుడ్డసంచితో దిగాడు. ఆయన కారు కింద, నేను పైన. పట్టుకో అంటే పట్టుకున్నాను, వదులు అంటే వదిలాను. రెండేళ్ళుగా మా ఇంట్లో అలాంటి మాట వినపడలేదు. రెండు ప్లేట్లలో అన్నం పెట్టుకుని తిన్నాం. ఉప్పు తక్కువైందని ఆయన రోజూ సణిగాడు. నేను రోజూ సరిగ్గా అంతే వేశాను, ఆ సణుగుడు కోసం.

పదో దినం మధ్యాహ్నం ఇంజిను రెండుసార్లు దగ్గి, నల్లగా పొగ వదిలి, అందుకుంది.

"చూడప్పా, పదకొండేండ్లు పండుకొని లేచినాడు దొర!" అని మేస్త్రీ బానెట్ లేని ముందు భాగం మీద చరిచాడు. అట్ట మీద నేను రాసిన దినాలతో సరిపోయింది ఆ ఒక్క పనే.

"మూడు దినాలకొకసారి వీధి చివరి దాకా తోలు. నిలబెట్టినావంటే మళ్ళా నిద్రపోతాడు," అని చెప్పి సాయంత్రం బస్సెక్కాడు.

కొత్త అట్ట రాశాను. ఈసారి ఒక్కడి దినాలు. రంగుకు ముప్పై ఆరు. వైర్లకు ఇరవై. తలుపులు, అద్దాలకు ముప్పై రెండు అని రాసి కొట్టేశాను. ముందు అద్దం ఒకరు లోపలినుంచి, ఒకరు బయటనుంచి పట్టుకుంటేనే కూర్చుంటుంది. ఒక్కడు ఎన్ని దినాలు పనిచేసినా కూర్చోదు. అక్కడ అంకె లేదు.

మూడో దినం కారు బయటికి తీశాను. సీటు లేదు కనుక నేత పీట వేసుకొని కూర్చున్నాను. వీధి చివరిదాకా పోయి వచ్చాను. ముందుకు పోవడం సులువు. వెనక్కి షెడ్డులోకి తోలాలంటే, వెనక నిలబడి రా, రా, చాలు అనేవాళ్ళు ఉండాలి. రెండడుగులు తోలి, దిగి, వెనక్కి పోయి గోడకూ కారుకూ మధ్య ఎంత ఉందో జానతో కొలిచి, మళ్ళీ ఎక్కాను. నాలుగోసారి దిగినప్పుడు ఒక జానే మిగిలింది. చాలు అని నేనే పైకి అని, పోయి ఇంజిను ఆపాను.