మోకాళ్ల మీద ముగిసే నాటకం

మా నాన్నకి తెనాలిలో నాటకాల దుస్తులు అద్దెకిచ్చే కొట్టు ఉండేది. అట్ట కిరీటాలు, గదలు, జరీ ఊడిన రాణుల చీరల మధ్య కూర్చుని నేను ఎక్కాలు బట్టీ పట్టాను. దుస్తుల కోసం వచ్చిన నటులు కిరీటం తలకి సరిపోయిందో లేదో చూసుకుంటూ ఒక పద్యం అందుకునేవారు. అలా విని విని నాకూ వచ్చేశాయి. ఇంటరు చదివే రోజులకే చుట్టుపక్కల ఊళ్లలో రాణి వేషం అంటే నన్నే పిలిచేవారు.

అన్ని వేషాల్లోకీ నాకు పేరు తెచ్చింది ఒక పాత నాటకంలోని రాణి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన రాజు ఎవరో చెప్పిన మాట పట్టుకుని ఆమెను శంకిస్తాడు, అడవికి పొమ్మంటాడు. రాణి ఏడవదు. నిండుసభలో నిలబడి, ధర్మం పేరుతో మీరు చెప్పేవన్నీ నేను చేయవలసినవే, మీరు చేయవలసింది ఒక్కటైనా లేదా అని నిలదీస్తుంది. ఆ పద్యానికి జనం ఊగిపోయేవారు. వన్స్‌మోర్ అని కేకలు వేసేవారు. చివరి రంగంలో మాత్రం ఒక ముని వచ్చి, ఇదంతా రాజు పెట్టిన పరీక్ష అని చెబుతాడు. అది విన్న రాణి, నోరు జారానని కుమిలిపోయి భర్త కాళ్ల మీద పడుతుంది. ఆయన భుజాలు పట్టి లేపుతాడు. మంగళహారతి, తెర.

ఆ వయసులో నేను ఆ చివరి రంగం గురించి ఆలోచించలేదు. మోకాళ్లకి బల్లచెక్క గుచ్చుకోకుండా చీర కుచ్చెళ్లు కిందకి వచ్చేలా చూసుకునేదాన్ని, అంతే.

నా ఎదుట రాజు వేషం వేసేది రేపల్లెలో పనిచేసే ఒక బడి మాస్టారు. మంచి గొంతు, మంచి ఒడ్డూ పొడుగూ. ఆయనే నన్ను చేసుకుంటానని కబురు పెట్టారు. నాన్న పొంగిపోయాడు. మాటలకి వచ్చిన రోజున వాళ్లమ్మగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "వేషాలు కట్టే పిల్లని చేసుకుంటే ఊళ్లో తలెత్తుకోగలమా?" అన్నారు.

"పెళ్లయ్యాక వేయదులే అమ్మా," అన్నారాయన.

నేను ఆ గదిలోనే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు.

రేపల్లె కాపురంలో పద్యాలు మాత్రం ఆగలేదు. ఆయన రిహార్సలుకి రాణి మాటలు ఎవరో ఒకరు అందించాలి కదా. నేను వంకాయలు తరుగుతూ సభలో నిలదీసే పద్యం పాడేదాన్ని. ఆయన కుర్చీలోంచి లేచి జవాబు చెప్పేవారు. స్వరం తప్పితే నన్నే సరిచేయమనేవారు. ఆదివారం స్టేజీ మీద ఆయన పక్కన వేరే ఆవిడ ఉండేది.

కొన్నేళ్లకి అత్తయ్యకి పక్షవాతం వచ్చింది. అన్నీ మంచంలోనే. అన్నీ నేనే చేశాను. చేయడానికి నేనెప్పుడూ బాధపడలేదు. బాధ వేరే చోట ఉంది. ఒక సాయంత్రం బాపట్ల నుంచి మా అక్క ఫోన్ చేసింది. నాన్నకి ఆయాసం ఎక్కువైంది, తనూ బావా తెనాలి బయల్దేరారు, వెంటనే రమ్మంది. ఈయన చీరాలలో నాటకానికి వెళ్లారు. ఫోన్ చేశాను.

"మేకప్ అయిపోయింది. ఇప్పుడు నన్నేం చేయమంటావ్?" అన్నారు.

"మీరు రావద్దండి. పక్కింటి పిన్నిగారు అత్తయ్య దగ్గర ఉంటానన్నారు. నేను వెళ్లొస్తాను."

"మా అమ్మకి పరాయివాళ్ల చేత చేయిస్తావా? అది ధర్మమేనా? పొద్దున నేనొచ్చాక వెళ్దువుగాని."

పొద్దున భుజాన కొత్త శాలువాతో వచ్చారు. నేను తెనాలి చేరేసరికి నాన్నని అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. "నీ గురించి అడుగుతూనే ఉన్నాడే," అంది అక్క. ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేదని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

అత్తయ్య పోయాక ఇల్లు ఖాళీ అయింది. మాకు పిల్లలు లేరు. తెనాలిలో నాటక పరిషత్తు పోటీలు జరుగుతున్నాయి. ఈయన బృందం అదే పాత నాటకంతో పోటీకి పేరు ఇచ్చింది. పోటీ రేపనగా రాణి వేషం వేసే ఆవిడ డెంగ్యూతో ఆసుపత్రిలో చేరింది. ఈయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"నీకు పద్యాలన్నీ వచ్చుగా. ఈ ఒక్కసారికి వెయ్యి."

"మీ ఇంటి కోడలు స్టేజీ ఎక్కొచ్చాండీ?"

"అవసరంలో ఎగతాళి చేయకు."

ఒప్పుకున్నాను. ఆయన కోసం కాదు. మళ్లీ మొహానికి రంగు పూసుకోవాలని నాకే ఆశ పుట్టింది.

మా నాటకం మధ్యాహ్నం భోజనాలయ్యాక. హాలు నిండింది. నాన్న కొట్టుకి వచ్చే పాత మనుషులు కొందరు ముందు వరసలో కనబడ్డారు. సభ రంగంలో నేను పద్యం ఎత్తుకోగానే హాలంతా నిశ్శబ్దం. ముగించగానే ఈలలు, చప్పట్లు. ఎవరో లేచి దండ వేశారు. రెండోసారి పాడించారు. రంగం అయ్యాక పక్క తెర వెనక ఈయన నా మోచేయి పట్టుకున్నారు.

"అంత సాగదీయాలా? నా పద్యానికి టైమ్ మిగిల్చావా?"

చివరి రంగం మొదలైంది. ముని తన మాటలు చెప్పాడు. రాజు నా వైపు తిరిగి, పరీక్షించడం భర్త హక్కు, ఓర్చుకోవడం భార్య ధర్మం అన్నాడు. ఆ మాటలు నాటకంలోవే. వేల మంది ముందు విన్నవే. కానీ ఆ రోజు ధర్మం అన్న మాట ఫోన్‌లో చీరాల నుంచి వినిపించిన గొంతుతోనే వినిపించింది.

ముందే అనుకుని చేశానని తర్వాత అందరూ అన్నారు. నేను ఏమీ అనుకోలేదు. మోకాళ్లు వంగలేదు, అంతే.

హార్మోనియం ఆయన నా పద్యానికి శ్రుతి ఇచ్చి ఆగాడు. మళ్లీ ఇచ్చాడు. ఈయన పెదవులు కదలకుండా, "వంగు," అన్నారు. కాసేపాగి, "వంగవే," అన్నారు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. సభలో నా పద్యానికి ఈలలు వేసిన వైపు నుంచే ఒక కేక వచ్చింది.

"కాళ్ల మీద పడమ్మా! రేపల్లె బండికి టైమవుతోంది!"

అందరూ నవ్వారు. రాణిని అడవికి పంపిన వైపే నేను నడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాను. ముని వేషధారి ఏం చేయాలో తోచక తనే హారతి ఎత్తుకున్నాడు. తెర వేసేశారు.

మేకప్ గదిలో ఈయన కిరీటం తీసి బల్ల మీద కొట్టారు. "నా పరువు తీశావు."

"ఎవరిదండీ, రాజుదా, మీదా?"

ఆయన చెయ్యి లేచింది. గదిలో నలుగురూ ఉన్నారని గుర్తొచ్చి దిగిపోయింది. మూల నాటకాన్ని మార్చారని న్యాయనిర్ణేతలు మా ప్రదర్శనని పోటీ నుంచి తప్పించారు.

తర్వాతి వారం పరిషత్తు పెద్దలు ఇద్దరు రేపల్లె వచ్చారు. నా మెడలో దండ వేసినాయన అందులో ఒకరు. నేను కాఫీ ఇచ్చాను. ఆయన చాలా మెత్తగా మాట్లాడారు.

"స్టేజీ మీద ఎదురు తిరగడం కళమ్మా. ఇంట్లో తిరిగితే అహంకారం అంటారు. సభ ముందు మాస్టారిని అవమానించావు. అభ్యంతరం లేకపోతే పరిషత్తు వాళ్ల ముందే ఒక్కసారి ఆయన కాళ్లకి దండం పెట్టు. గొడవ పోద్ది."

"అప్పుడు మీరు చప్పట్లు కొట్టారు కదండీ బాబాయిగారూ."

"పద్యానికి కొట్టానమ్మా. నీకు కాదు."

ఈయన పక్కనే తల దించుకుని కూర్చున్నారు. వాళ్లని వద్దనలేదు. ఆ తల దించుకోవడం కూడా నటనేనని నాకు తెలుసు. ఎటు వైపు దించితే ఎక్కువ జాలి పుడుతుందో ఆయనకి బాగా తెలుసు.

రెండు చీరలు సంచిలో పెట్టుకుని బాపట్ల బస్సు ఎక్కాను. అక్క నన్ను లోపలికి రానిచ్చింది కానీ అన్నం వడ్డిస్తూనే మొదలుపెట్టింది. "నాటకంలో వంగితే నీ సొమ్మేం పోయిందే? అది నిజమా ఏంటి?" బావ టీవీ సౌండ్ పెంచాడు. నెల తిరక్కుండా వేరే గది చూసుకున్నాను. ఒక ప్రైవేటు బళ్లో తెలుగు చెబుతున్నాను. వార్షికోత్సవానికి నాటకం నేర్పమని అడిగారు. పతివ్రత కథ అయితే తల్లిదండ్రులకి నచ్చుతుందన్నారు. ఒంట్లో బాగోలేదని చెప్పాను.

పోయిన చలికాలం మా వారి బృందం బాపట్ల వచ్చింది. అదే నాటకం. వెళ్లకుండా ఉండలేకపోయాను, వెనక వరసలో కూర్చున్నాను. రాణి వేషం కొత్త పిల్ల వేసింది. పాతికేళ్లు కూడా ఉండవు. సభ పద్యం గొప్పగా పాడింది. నేను ఎక్కడ ఊపిరి తీసేదాన్నో అక్కడే తీసింది, ఎక్కడ చెయ్యి ఎత్తేదాన్నో అక్కడే ఎత్తింది. చివర్లో మోకాళ్ల మీద పడింది. జనం తృప్తిగా లేచారు.

ఆయన అవతల ఎవరితోనో మాట్లాడుతున్నప్పుడు మేకప్ గదిలోకి వెళ్లాను. ఆ పిల్ల నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"అక్కా, మీరా! మీ తెనాలి వీడియో చూసే ఈ పద్యం నేర్చుకున్నానండి. మాస్టారు పంపారు."

ఎవరో ఫోన్‌లో తీశారని నాకు తెలుసు. ఆయన దాన్ని దాచుకున్నారని మాత్రం తెలియదు.

"చివరి రంగం కూడా చూశావా?"

"లేదండి. సభ రంగం దాకానే ఉంది."

మిగతాది నా దగ్గర ఉంది. బళ్లో తోటి టీచరు ఒకావిడ ఎక్కడి నుంచో సంపాదించి ఇచ్చింది. ఫోన్ తీసి చూపించాను. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసి చివరిదాకా చూసింది. బండికి టైమవుతోందన్న కేక దగ్గర నవ్వింది. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

"అమ్మో. నేనిలా చేస్తే నాకు ప్రోగ్రాములు రావండి అక్కా."

నిజమే చెప్పింది. నాకు ఆ తర్వాత ఒక్కటీ రాలేదు. బయట నుంచి ఆయన గొంతు, "అమ్మాయ్, ఫోటోకి రావాలి," అంది. ఆ పిల్ల గబగబా లేచింది. కిరీటం పక్కకి ఒరిగి ఉంటే పిన్ను సరిగ్గా గుచ్చి పంపించాను.