పన్నెండుంబావుకి సూది, రెండింటికి అన్నం

ఆకలితో ఉన్న మనిషి ముందు ఖాళీ కంచం పెట్టి "ఇంకో పది నిమిషాలు" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసి, హెడ్ నర్సుగా రిటైరయ్యాను. నా కోపం సంగతి మా వార్డులో అందరికీ తెలుసు. నేను డ్యూటీలో ఉన్నానంటే డాక్టర్లు కూడా టైముకి రౌండ్స్‌కి వచ్చేవాళ్లు. రిటైరయ్యాక కోపం తగ్గుతుందని మా చెల్లెలు అంది. నాకైతే తగ్గిన జాడ కనపడలేదు.

ఆ రోజుల్లోనే వృద్ధుల హోములు చూసి రిపోర్టు ఇచ్చే ఓ కమిటీలో నన్ను వేశారు. నర్సు ఒకరు ఉండాలని రూలట. నాతోపాటు ఒక ఆఫీసరు. చిన్నవాడు, గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం, మాట మాటకీ "అండీ" అంటాడు. మేం చూడాల్సిన హోము నేరేడ్‌మెట్‌లో, మా ఇంటికి ఆటోలో పది నిమిషాలు. మేం వస్తున్నామని వారం ముందే వాళ్లకి కబురు పంపారు. ముందుగా చెప్పి వెళితే దాన్ని తనిఖీ అనరు బాబూ, పెళ్లిచూపులంటారు అన్నాను. "రూలే అలా ఉందండీ" అని నవ్వాడు.

నిజం చెప్పాలంటే హోము బాగుంది. బాత్రూముల్లో గోడకి పట్టుకునే కడ్డీలు ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుని నా బరువంతా వేసి ఊగి చూశాను, కదల్లేదు. మంటలార్పే సిలిండర్ల మీద తేదీలు దాటలేదు. మందుల బీరువాకి తాళం ఉంది. ఇన్సులిన్ సీసాలు ఫ్రిజ్‌లో వరసగా పేర్లు రాసి పెట్టారు. ఇన్సులిన్ రిజిస్టరైతే చూడముచ్చటగా ఉంది. నలుగురు మనుషులు, రోజూ మధ్యాహ్నం పన్నెండుంబావుకి సూది, పక్కన సంతకం. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. నా వార్డులో కూడా అంత శుభ్రంగా రాయించలేకపోయాను. పక్కల మీద దుమ్ము కూడా లేదు. ఫారంలో అన్నిటికీ టిక్కు పెట్టాను.

ఆ నలుగురిలో ఒకావిడ హాలు గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని ఉంది. డెబ్భై దాటి ఉంటాయి. మోండా మార్కెట్‌లో నలభై ఏళ్లు నిమ్మకాయలు, అల్లం, వెల్లుల్లి అమ్మిన మనిషి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మోకాళ్లు మొరాయించాక కొట్టు మేనకోడలికి అప్పజెప్పి, తనకు తానే వచ్చి ఇక్కడ చేరింది. నన్ను ఎగాదిగా చూసింది.

"నిమ్మకాయలు ఏడ కొంటవ్ బిడ్డా?"

మా వీధి చివర సూపర్ మార్కెట్‌లో అన్నాను.

"గందుకే మొఖం గట్లున్నది. గవి నిమ్మకాయలా? రసం పిండితే నీళ్లొస్తయ్."

నాకు నవ్వొచ్చింది. నా కళ్ల ముందే ఆమెకు సూది వేశారు. సరిగ్గా పన్నెండుంబావు. పావు తక్కువ ఒకటికి భోజనమని గోడ మీద రాసి ఉంది. అంతా పద్ధతి ప్రకారమే అనుకుంటూ వంటింట్లోకి వెళ్లాను. పొయ్యిలు చల్లగా ఉన్నాయి. గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి.

"ఇయ్యాల వంట లేదు మేడమ్" అంది వెనకే వచ్చిన మేనేజరు. "బర్త్‌డే వాళ్లు తెస్తుండ్రు."

హాల్లో ఒక బోర్డు చూపించింది. నెల మొత్తం గళ్లు గీసి, ఏ రోజు ఎవరి అన్నదానమో రాసి ఉంది. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, సంవత్సరీకాలు. దాతలు ఉన్న రోజు హోములో పొయ్యి వెలిగించరు. దాతలు తమ చేత్తో వడ్డించాలి, అందరూ కూర్చుని తింటుంటే చూడాలి, ఫోటోలు దిగాలి. అది అయ్యేదాకా ఎవరూ మెతుకు ముట్టరు.

ఇంతకుముందు మా అమ్మ సంవత్సరీకానికి నేను కూడా అలాగే వెళ్లాను, వేరే హోముకి. ఆ రోజు పంతులుగారు ఆలస్యం చేశారు. మేం భోజనాలు తీసుకుని చేరేసరికి రెండు దాటింది. పెద్దవాళ్లంతా కంచాల ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. ఎంత క్రమశిక్షణో చూడు అని మా చెల్లెలితో అన్నాను. వాళ్లలో ఎంతమందికి సూది వేసి కూర్చోబెట్టారో నాకు తట్టలేదు. నర్సునై ఉండి తట్టలేదు. ఆ బోర్డు ముందు నిలబడినప్పుడు సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

ఒంటిగంటయింది. ముప్పై మంది స్టీలు కంచాల ముందు కూర్చున్నారు. బర్త్‌డే వాళ్లు తార్నాక దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నారట. సూది వేశాక తిండి పడకపోతే షుగర్ పడిపోతుంది, ఆ నలుగురికైనా ఏదో ఒకటి పెట్టమన్నాను. ఇదిగో వచ్చేస్తున్నారు మేడమ్ అంది మేనేజరు. "పోనీ ఇంకో పది నిమిషాలు చూద్దామండీ" అన్నాడు ఆఫీసరు. మా ఇద్దరి ముందు మాత్రం టీలు, జీడిపప్పు బిస్కెట్లు పెట్టారు. ఆఫీసరు మూడు తిన్నాడు. నేను కూడా ఒకటి తిన్నాను, ఆ సంగతి దాచను.

ఒకటింబావుకి నిమ్మకాయలావిడ వైపు చూశాను. నుదుటి మీద చెమట. ఫ్యాను కిందే కూర్చుంది, అయినా జాకెట్టు తడిసిపోయింది. వేళ్లు వణుకుతూ కంచానికి తగిలి చప్పుడవుతోంది. దగ్గరికి వెళ్లి ఏమైందని అడిగితే మాట ముద్దముద్దగా వచ్చింది. నా సంచిలో ఎప్పుడూ షుగర్ చూసే మిషను ఉంటుంది. వేలు గుచ్చి చూస్తే నలభై ఎనిమిది, డెబ్భైకి తగ్గకూడదు. ఇంకాస్త ఆలస్యమైతే స్పృహ తప్పుతుంది, ఆ తర్వాత ఏమైనా కావచ్చు. పంచదార తెమ్మంటే స్టోరు గది తాళంచెవి ఎక్కడుందో వెతుకుతున్నారు. మా టీ పళ్లెంలో ఉన్న పంచదార గిన్నె మొత్తం నీళ్లలో కలిపి, తల పట్టుకుని గుక్కగుక్కగా తాగించాను. మా బిస్కెట్లు తీసుకెళ్లి మిగతా ముగ్గురి చేతుల్లో పెట్టాను. మేనేజరు అడ్డం రాబోయింది. నా మొహం చూసి ఆగిపోయింది.

పావుగంటకి ఆమె తేరుకుంది. రెండింటికి బర్త్‌డే వాళ్లు వచ్చారు. చంటిపాప మొదటి పుట్టినరోజు. కెమెరా మనిషి కూడా వచ్చాడు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, ఆలస్యమైనందుకు అందరికీ దండాలు పెట్టి మరీ వడ్డించారు. కానీ ఫోటో కోసం నిమ్మకాయలావిణ్ణే ముందు వరసలోకి లాగి, పాప తల మీద చెయ్యి పెట్టించారు. ఆ చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. దీవెన బాగా వచ్చింది అన్నాడు కెమెరా మనిషి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆఫీసు గదిలో ఒంటికాలి మీద లేచాను. దాతలు ఎప్పుడైనా రానివ్వండి, సూది వేస్తే అన్నం పెట్టాల్సిందే అన్నాను.

"ముందే తినిపిస్తే వాళ్లు వేరే హోముకి పోతరు మేడమ్" అంది మేనేజరు. "వాళ్లు రాకుంటే ఇది నడవది. అప్పుడు వీళ్లందరు ఏడికి పోతరు?"

"ఆవిడ చెప్పేదీ నిజమేనండీ" అన్నాడు ఆఫీసరు. "పైగా ఫారంలో దీనికి గడి లేదు. సూది టైము కరెక్టు, భోజనం క్వాలిటీ కరెక్టు."

గడి లేకపోతే ప్రాణం పోదా అని అడిగాను. తెల్లకాగితం తీసుకుని నేనే రాశాను. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు భోజనం ఆలస్యమైతే ప్రాణాపాయం, దాతలు ఉన్నా లేకున్నా రోజూ హోములో వండి టైముకి పెట్టాలి అని. కింద సంతకం చేసి ఫారానికి పిన్ను కొట్టించాను. ఆ పూట ఇంటికి వెళుతూ, కోపానికి కూడా ఒక ఉపయోగం ఉంటుందని సంతోషపడ్డాను.

నెల తర్వాత ఎవరికీ చెప్పకుండా నేనొక్కదాన్నే వెళ్లాను. పావు తక్కువ ఒకటి. పొయ్యిలు వెలిగి ఉన్నాయి. అందరి కంచాల్లో వేడివేడి అన్నం, టమాటా పప్పు. గుమ్మంలో నిలబడి చూస్తుంటే గర్వంగా అనిపించింది. అప్పుడు చూశాను, గుమ్మం పక్క కుర్చీలో వేరే ఎవరో ఉన్నారు.

"పంపించినం మేడమ్" అంది మేనేజరు. "సూది వాళ్లను నలుగురిని పంపించినం. మీరే రాసిన్రు కదా, ప్రాణాపాయమని. రేపు ఏమన్న అయితే మా మీదికొస్తది. సూది వాళ్లను తీసుకోవద్దని రూల్ పెట్టుకున్నం."

ఇప్పుడు టైముకి అన్నం పెడుతున్నారు కదా, ఇంక భయమేంటి అన్నాను.

"ఇయ్యాల ఎవ్వరు బుక్ చేసుకోలే మేడమ్. అందుకని మేమే వండినం."

అంటే నేను గర్వపడింది ఎవరి పుట్టినరోజూ కాని రోజు చూసి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు ఉంది నా రిపోర్టు. అక్కడ నుంచే ఆఫీసరుకి ఫోన్ చేశాను. "రిస్క్ తగ్గించుకున్నారు కదండీ, వాళ్ల రేటింగ్ కూడా పెరిగింది" అన్నాడు. ఏం మాట్లాడానో ఇక్కడ రాయను. ఫోన్ మాత్రం ఆయనే ముందు పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే మోండా మార్కెట్‌కి వెళ్లాను. నిమ్మకాయల కొట్లన్నీ అడుగుతూ పోతే మేనకోడలి కొట్టు దొరికింది. ఆ పిల్లదీ తప్పు కాదు. ఒకే గదిలో అయిదుగురు. సూది వేయాలంటే ఆ పిల్లకి చేతులాడవు, వేసేవాళ్లు ఎవరూ లేరు. ముసలావిడ గోనెల మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. మొహం పీక్కుపోయింది. కుడి కాలి బొటనవేలికి పుండు, దానికి చుట్టిన గుడ్డ చీము పట్టింది. షుగర్ చూస్తే మూడువందల తొంభై.

నేను నర్సునని, ఆ రోజు వచ్చిన మనిషినని చెప్పాను.

"యాదికున్నది. చక్కర తాగిపిచ్చినవ్. రిపోర్టు సుత నువ్వే రాసినవ్."

నీ మంచికే రాశానమ్మా అన్నాను. నీ ప్రాణం పోయేది ఆ రోజు.

"ఏం పోకుండె" అంది వెల్లుల్లి ఒలుస్తూనే. "మూడేండ్లున్న ఆడ. నెలల సగం దినాలు గట్లనే రెండు గొడ్తది. నాకు తెల్వదా? కొంగుల బెల్లం ముక్క ముడేసుకునేదాన్ని. దిండు కింద ఒకటి. కండ్లు తిరిగినట్లయితే నోట్ల ఏసుకునేది. ఆ మిగిలిన ముగ్గురికి సుత నేనే ఇచ్చేదాన్ని."

మరి ఆ రోజేమైంది అన్నాను.

"మీరొస్తున్నరని ముందు దినం పక్కలన్ని దులిపిన్రు. చీమలు పడతయని నా బెల్లం మొత్తం పారేసిన్రు. కొంగు ముడి సుత ఇప్పిన్రు. ఇన్‌స్పెక్షన్ అయినంక తెచ్చుకో అన్నరు."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు. మూడేళ్లు తన ప్రాణం తను కాచుకుంది. ఆమెను చావు అంచుకి తెచ్చింది ట్రాఫిక్ కాదు, బర్త్‌డే కాదు, నా తనిఖీ. నేను టిక్కు పెట్టిన శుభ్రం. ఆ మండీలో, అందరి ముందు, నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమె చేతిలో వెల్లుల్లి పక్కన పెట్టి నా మణికట్టు పట్టుకుంది.

"కోపం చేయకు బిడ్డా. జెర ఒక్క పని చెయ్. నన్ను మల్ల ఆడ చేర్పియ్యి. ఈసారి పానం బాగలేదని ఎవ్వరికి తెల్వనియ్య."

ఎవరి మీద అరవాలో తెలియక, ఆసుపత్రికి పోవాలి ఆటో పిలవమని మేనకోడలి మీద అరిచాను.