షూటింగు కోసం ఆగని మగ్గం

పోయిన వారం మా వీధికి కెమెరాలు పట్టుకుని కుర్రాళ్లు వచ్చారు. ఇప్పుడు ఫోన్లలో చూసే సీరియళ్లు ఉన్నాయి కదా, అలాంటిదేదో తీయడానికి చోటు చూసుకుంటున్నారట. వాళ్లలో డైరెక్టరు అనిపించుకున్న అబ్బాయి, నిమ్మనపల్లె పిల్లవాడేనట, మా అరుగు మీద కూర్చుని నేనిచ్చిన మజ్జిగ తాగి, "మీ వీధి బలే సైలెంటుగా ఉండాదమ్మా, షూటింగుకి ఇట్లాంటి చోటు దొరకల్లంటే కష్టం" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. నాకు మాత్రం ఒళ్లు మండింది. మదనపల్లె మగ్గాల వీధిని పట్టుకుని సైలెంటుగా ఉందంటాడా! కాసేపటికి, అతను అన్నది నిజమే కదా అని తోచి, ఆ మంట కాస్తా దిగులైంది.

మన వయసు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం సీరియలు వచ్చే వేళకు అన్నం గిన్నెలు కూడా కడగకుండా ఆడవాళ్లమంతా టీవీ ముందు చేరిన రోజులవి. అలాంటి సీరియలొకటి తీయడానికి మా ఎదురింటికే వస్తున్నారని తెలిసేనాటికి నాకు పుంగనూరు సంబంధం కుదిరి ఉంది, నా ముహూర్తపు చీర పెద్దమ్మ మగ్గం మీద సగం నేసి ఉంది. ఎదురిల్లు పట్టుకు రంగులు వేసే భాయి మామది. నీలం సున్నం కొట్టిన గోడలు, పాతకాలపు కిటికీలు చూసి ఆ ఇల్లు వాళ్లకు నచ్చిందట. కుప్పం రైల్వే స్టేషన్లో ఎవరో హాస్యనటుణ్ణి దూరం నుంచి చూసినందుకే మా చిన్నమ్మ ఏళ్ల తరబడి ఆ ముచ్చట చెప్పుకునేది. ఇక రోజూ మమ్మల్ని ఏడిపించే నటి మా గుమ్మానికి ఎదురుగానే వచ్చి నిలబడుతుందంటే నా కాళ్లు నేల మీద నిలుస్తాయా?

చిక్కల్లా ఆ నటి పట్టుదలతో వచ్చింది. అప్పట్లో మాటలన్నీ తర్వాత స్టూడియోలో, ఒక్కోసారి వేరేవాళ్ల గొంతుతో చెప్పించేవారు. ఈమె మాత్రం నా ఏడుపు నేనే ఏడుస్తాను, అక్కడికక్కడే ఏడుస్తాను అనే రకమట. అందుకని ఆ పూట వీధిలో చప్పుడు ఉండకూడదన్నారు. మా వీధిలో ఇంటింటికీ మగ్గం ఉండేది. పొద్దున మొదలైన దెబ్బలు దీపాలు పెట్టేదాకా వినిపిస్తూనే ఉండేవి, అది చప్పుడని కూడా మాకు తెలియదు. అయినా సీరియలు మీద మోజు ఎవరికి లేదు? అందరూ మగ్గాలు ఆపి, ఉతికిన బట్టలు కట్టుకుని వీధిలోకి వచ్చేశారు. మా పెద్దమ్మ ఒక్కతే రాలేదు.

పెద్దనాన్న పోయాక ఆయన మగ్గం గుంటలోకి తనే దిగి, ఆ మగ్గం మీదే ఇల్లు నడిపి నన్ను పెంచిన మనిషి ఆమె. పెళ్లి చీరకు మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది, మొదలుపెట్టిన చెయ్యే ముగించాలి. అడ్డంగా నేసే పేక నూలును కొట్టే దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కో తీరు కాబట్టి, మధ్యలో వేరే చెయ్యి పడితే అక్కడ నేత పల్చనో చిక్కనో అయి బట్టకు అడ్డంగా గీత కనిపిస్తుంది. నాకు నేత వచ్చినా సాయానికి కూర్చునే వీలు లేదు. ముహూర్తం చూస్తే ముంచుకొస్తోంది. షూటింగు మేనేజరు గుమ్మంలో నిలబడి ఎంత బతిమాలినా పెద్దమ్మ తల ఎత్తలేదు.

"మీ సీరియలు రేపైనా తీసుకోవచ్చు కదప్పా. నా బిడ్డ లగ్నాన్ని మార్చేదానికి అవతాదా? యాల ఆపల్ల నేను?" అంది.

చివరికి భాయి మామే మధ్యలో దూరి ఒక ఒప్పందం కుదిర్చాడు. ఆయన తన మిద్దె మీద నుంచి ఎర్ర గుడ్డ ఎత్తి పట్టుకున్నంతసేపు పెద్దమ్మ ఆపాలి, దించగానే నేసుకోవాలి. గుంటలో కూర్చున్న ఆమెకు మిద్దె కనిపించదు కనుక గుమ్మంలో నిలబడి చెప్పే పని నాకు పడింది. ఇంతకన్నా మంచి చోటు నాకు ఎవరిస్తారు! ఆ నటి నా కళ్లెదుటే కిటికీ ఊచ పట్టుకుని ఏడుస్తుంటే నేనూ బుగ్గలు తడుపుకుంటూ నిలబడ్డాను. కానీ ఆ సీరియలు డైరెక్టరుకు ఏ ఏడుపూ నచ్చలేదు. 'మళ్లీ' అన్నాడు, 'మళ్లీ' అన్నాడు. ఎర్ర గుడ్డ దిగితే కదా!

పొద్దు వాలుతుండగా ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. పెద్దమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పగటి పూట ఆ చేతులు ఊరికే ఉండగా నేనెప్పుడూ చూడలేదు. చీర పొద్దుటి నుంచి జానెడు కూడా సాగలేదు. ఈ చీర అందకపోతే నేను ఏం కట్టుకుని పీటల మీద కూర్చోవాలో అన్న భయం అప్పుడు పట్టుకుంది నన్ను. అంతవరకూ వచ్చిన ఏడుపు సీరియలుది, ఇది మాత్రం నాది.

నా మొహం చూసి పెద్దమ్మ, "ఏడవద్దు పాపా. సాలు, ఇంక ఆపను. పోయి చెప్పు వాళ్లకు" అని పేక నూలున్న నాడె విసిరి దెబ్బ కొట్టింది.

ఆ దెబ్బ వినగానే పక్కింటివాళ్లు లేచి లోపలికి పోయారు, వాళ్ల మగ్గమూ మొదలైంది. ఆ తర్వాత వీధి వీధంతా మోగింది. డైరెక్టరు రోడ్డు మీద నిలబడి అరుస్తూనే ఉన్నాడు, ఆయన గొంతు ఎవరికి వినబడుతుంది! అప్పుడు ఆ నటే రోడ్డు దాటి, ఎర్రబడిన కళ్లతో మా ఇంట్లోకి వచ్చింది.

"కూసో అమ్మా. నాకు లేసేదానికి లేదు" అంది పెద్దమ్మ, చెయ్యి ఆపకుండానే.

ఆ నటి గుంట పక్కనే నేల మీద కూర్చుని, ఆ చీర ఎవరికని అడిగింది. పెద్దమ్మ గడ్డంతో నన్ను చూపించింది. ఆమె నన్ను చూసింది, చీరను చూసింది.

"కానివ్వండమ్మా, నేనే గొంతు పెంచుకుంటాను" అని లేచి వెళ్లిపోయింది. మగ్గాల వీధిలో మగ్గం మోగితే తప్పేమిటని డైరెక్టరుతో గట్టిగా పోట్లాడి, అంత మోతలోనూ ఆ ఏడుపు ఏడ్చింది. ఈసారి ఆయన 'మళ్లీ' అనలేదు.

చీర ముహూర్తానికి అందింది. పెళ్లయి నేను పుట్టింటికి వచ్చి ఉన్నప్పుడే ఆ ఘట్టం టీవీలో వచ్చింది. భాయి మామ ఇంట్లో వీధంతా కూర్చుని నటిని చూసి ఏడుస్తుంటే పెద్దమ్మ మటుకు కళ్లు మూసుకుని వింటోంది. "అదో, ఆ దెబ్బ నాది" అంది. ఇన్ని మగ్గాల్లో నీది ఎట్లా తెలిసింది అక్కా అని భాయి మామ ఆటపట్టించినా మాట మార్చలేదు.

చాలా ఏళ్లు పుంగనూరులో కాపురం చేసి, పెద్దమ్మ తన ఇల్లు నాకే రాసి పోవడంతో మళ్లీ ఇక్కడికే వచ్చాను. మరమగ్గాల షెడ్లు ఊరి బయట లేచాయి, మా వీధి మగ్గాలు ఒక్కొక్కటే పొయ్యిలోకి పోయాయి. పెద్దమ్మ మగ్గం ఒక్కటే మిగిలింది, దాని గుంట మీద కూడా చెక్కలు పరిచి బియ్యం మూటలు పెట్టుకున్నాం. నిన్న ఆ చీర తీసి ఈ కొస నుంచి ఆ కొసదాకా వేళ్లతో తడిమాను. ఎక్కడా గీత లేదు.

ఈ ఉదయం మూటలు పక్కకు జరిపించి చెక్కలు తీయించాను. మోకాళ్ల నొప్పులతో ఈ వయసులో ఎందుకని ఇంట్లో అంటున్నారు, అననీ. వచ్చే వారం ఆ కుర్రాళ్లు షూటింగుకి వచ్చి కెమెరాలు దించేసరికి మగ్గానికి పడుగు నూలు ఎక్కి ఉంటుంది. ఆ నిమ్మనపల్లె అబ్బాయి నా గుమ్మంలోకి వచ్చి, అమ్మా కొంచెం ఆపండి అని బతిమాలాలి. ఈ వీధిలో ఆ మాట ఎవరూ అడగక చాలా ఏళ్లయింది.